పాత కుట్టు మిషన్ బాగుచేయాలా, మోటర్ పెట్టాలా, పాత ఇనుముకి వేసేయాలా? అసలు లెక్క షటిల్ దగ్గరుంది

క్లుప్తంగా: ఇంట్లో మూలన పడున్న నల్ల కుట్టు మిషన్ పనికొస్తుందా రాదా అనేది దాని వయసు బట్టి తేలదు, కంపెనీ పేరు బట్టి కూడా తేలదు. లోపల ఉన్న షటిల్, అంటే సూది తెచ్చిన పైదారాన్ని పట్టి బాబిన్ చుట్టూ తిప్పే భాగం, ఏ రకం అన్నదాన్ని బట్టే తేలుతుంది. గుండ్రటి బాబిన్ (కింది దారం చుట్టే ఉండ) పట్టే 15 క్లాసు రకమైతే (సింగర్ కంపెనీ తన మిషన్ రకాలకి పెట్టిన నంబర్లలో ఒకటి) సామాన్లు ఇప్పటికీ ఊళ్ళో షాపుల్లో దొరుకుతాయి, చాలా రిపేర్లు ఇంట్లోనే అయిపోతాయి. మోటర్ పెట్టడం మాత్రం రిపేరు కిందకి రాదు. మిషన్ చేయాల్సిన పనే మారిపోతుంది, ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకునేది కూడా అక్కడే.

ఇప్పుడెందుకు ఈ ప్రశ్న

టైలరింగ్ నేర్చుకుని ఇంట్లోనే నాలుగు బ్లౌజులు కుట్టి సంపాదించుకుందాం అనుకునేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది, పనిముట్లకి 15,000 రూపాయల వరకు ఇస్తారు, పైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా లోను. తెలంగాణలో 2024 నుంచి ప్రభుత్వ స్కూళ్ళ యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకి ఇస్తున్నారు. అంటే మిషన్ అవసరం పెరిగింది. ఇంకోపక్క యూట్యూబ్‌లో తుప్పు పట్టిన మిషన్‌ని పదిహేను నిమిషాల్లో తళతళలాడించే వీడియోలు, వెయ్యి రూపాయల మోటర్ పెడితే చాలు కొత్త మిషన్ అవుతుందని చెప్పే వీడియోలు కుప్పలుతెప్పలు. వాటితో పాటే "పాత మిషన్లు అన్నీ వేస్ట్, జూకీ కొనుక్కోండి" అనే సలహా, జూకీ అంటే ఫ్యాక్టరీల్లో వాడే వేగం మిషన్ల కంపెనీ. ఈ రెండు మాటల్లో ఏదీ పూర్తిగా తప్పు కాదు, కానీ రెండూ వేరువేరు మిషన్ల గురించి, వేరువేరు పనుల గురించి చెప్తున్నవి, వినేవాళ్ళకి ఆ తేడా ఎవరూ చెప్పకపోవడమే గందరగోళం.

ఒకే డిజైను, ఎన్నో పేర్లు

సింగర్ కంపెనీ వెనకున్న ఐజాక్ సింగర్‌కి అమెరికాలో పేటెంట్ వచ్చింది 1851లో. తర్వాత ఆ కంపెనీ ఎన్నో రకాలు చేసింది, ఒక్కో రకానికి ఒక నంబర్, దాన్నే క్లాసు అంటారు. అందులో 19వ శతాబ్దం చివర్లో వచ్చిన 15వ క్లాసు మన కథకి ముఖ్యం. స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్ళో కిల్‌బోవీ దగ్గర 1885 నుంచి 1980లో మూతపడేదాకా సింగర్ పెద్ద ఫ్యాక్టరీ నడిచింది, మన ఇళ్ళల్లో కనిపించే పాత సింగర్‌లలో చాలావాటి మీద మోడల్ నంబర్ పక్కన ఉండే 'కె' అక్షరం ఆ కిల్‌బోవీదే. 15కె, 66కె, 201కె అన్నట్టు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ కంపెనీలు ఈ 15వ క్లాసునే తీసుకుని అందరూ ఒకే కొలతలతో చేసేలా స్టాండర్డ్ పెట్టుకున్నాయి, దానికి హెచ్‌ఏ-1 అని పేరు. చైనా ఫ్యాక్టరీలు కూడా అదే దారిలో పోయాయి. మన దగ్గర కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ 1930ల్లో ఉషా మిషన్లు మొదలుపెట్టింది, ఇంటి వాడకానికి వచ్చిన మామూలు నల్ల ఉషా తలకాయ (స్టాండు మీద కూర్చునే అసలు మిషన్) చూసినా ఆ 15వ క్లాసు కుటుంబమే. తర్వాత లూధియానా లాంటి చోట్ల చిన్న చిన్న వర్క్‌షాపులు అదే బొమ్మని పోతపోసి ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టి అమ్ముకున్నాయి.

దీని ఫలితం ఏంటంటే 1950లో స్కాట్లండ్‌లో చేసిన 15కె మిషన్‌లోకి నిన్న మొన్న మన దేశంలో చేసిన బాబిన్ కేసు దూరుతుంది. సూది కూడా అంతే, ప్యాకెట్ మీద హెచ్‌ఏ ఇంటూ 1 అని రాసినా, 15 ఇంటూ 1 అని రాసినా, 130/705 అని రాసినా అన్నీ ఒకటే సూది, మూడు దేశాల వాళ్ళు మూడు పేర్లు పెట్టారు అంతే. ఇంత పాత వస్తువుకి ఇంత సులువుగా సామాన్లు దొరకడం ఇంకే ఇంటి యంత్రం విషయంలోనూ దాదాపు ఉండదు. కొత్త అయినంత మాత్రాన రిపేరుకి సులువు అని కూడా కాదు, 1960లు 70ల్లో వచ్చిన కొన్ని జిగ్‌జాగ్ మిషన్లలో లోపల నైలాన్ గేర్లు పెట్టారు, అవి ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసెక్కి పగిలిపోతాయి, ఆ గేరు దొరక్కపోతే మిగతాదంతా బాగున్నా మిషన్ మూలకే. వాటికంటే ముప్పై ఏళ్ళ ముందు చేసిన మొత్తం ఇనుము మిషన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ముందు కింద చూడాలి, పైన కాదు

మిషన్ తలకాయని వెనక్కి వాల్చి కింద చూస్తే రకం తెలిసిపోతుంది. సూది కింద ఎడమ చివర్లో గుండ్రటి బాబిన్, దాన్ని పట్టుకునే ఇనప కేసు, నొక్కితే లేచే చిన్న నాలుక ఉంటే అది 15 క్లాసు. బాబిన్‌ని పైనుంచి, సూది ముందున్న జారే ప్లేటు తీసి పడుకోబెట్టి పెడితే అది 66 క్లాసు లేదా దాని తమ్ముడు 99, వీటి బాబిన్ కొంచెం పొట్టిగా, పక్కలు ఉబ్బెత్తుగా ఉంటుంది. చూడ్డానికి దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి షాపువాడు ఇది పెట్టుకోండి పర్లేదు అని 15 బాబిన్ ఇస్తే తీసుకోకూడదు, దూరినట్టే ఉండి దారం చిక్కులు పడుతుంది.

మూడో రకం పాత పద్ధతిది, బాబిన్ వేలంత పొడుగ్గా సన్నగా ఉంటుంది, తుపాకీ గుండు ఆకారంలో ఉన్న షటిల్‌లో పెడతారు, అది ఊయలలాగా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. 27, 28, 127, 128 నంబర్లు ఇవే. బాగా కుడతాయి, కానీ షటిల్ పోతే మాత్రం ఊళ్ళో దొరకదు, ఆన్‌లైన్‌లో వెతుక్కోవాల్సిందే. ఇలాంటి మిషన్ ఉంటే షటిల్, పొడుగు బాబిన్లు ఉన్నాయో లేదో చూసుకున్నాకే రిపేరుకి రూపాయి ఖర్చు పెట్టాలి. అవి లేకపోతే మిగతాది ఎంత మెరిసినా షోకేసు బొమ్మే.

బిగుసుకుపోయిన మిషన్: ఎక్కువసార్లు నూనే అసలు దోషి

ఏళ్ళ తరబడి వాడని మిషన్ చక్రం తిరగకపోతే అందరూ అనేది తుప్పు పట్టిందని. తుప్పు ఉంటే ఉండొచ్చు, కానీ ఎక్కువసార్లు పట్టేసేది పాత నూనె. మిషన్ ఆయిల్ అంటే పల్చటి మినరల్ ఆయిల్, అది గాలి తగిలినా త్వరగా గట్టిపడదు. ఇళ్ళల్లో అది అయిపోయినప్పుడు చేతికందిన కొబ్బరి నూనె, పల్లీ నూనె వేసేవాళ్ళు. వంట నూనెలు గాలిలో ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా జిగురై, తర్వాత వార్నిష్ లాగా గట్టిపడతాయి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మీద పేరుకునే పసుపు జిడ్డు ఎలా గీకినా రాదో ఇదీ అంతే. కొబ్బరి నూనె అంత త్వరగా జిగురు కాదు గానీ దానికి వేరే తిప్పలు, 24 డిగ్రీల కిందకి పోతే గడ్డ కడుతుంది, అంటే డిసెంబర్ పొద్దున పూట మిషన్ బరువెక్కి ఎండెక్కాక తేలికపడితే కారణం అదే అయ్యుండొచ్చు.

గట్టిగా తిప్పేముందు బరువు ఎక్కడుందో తేల్చుకోవాలి, ఇది చాలామంది చేయని పని. బెల్టు తీసేసి చక్రాన్ని చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతుందా, అయితే దోషం తలకాయలో లేదు, కింద స్టాండులో ఉంది. తొక్కే పలకకి రెండు పక్కలా ఉన్న మొనదేలిన స్క్రూలు, పలక నుంచి పెద్ద చక్రానికి పోయే రాడ్డు, చక్రం ఇరుసు, వీటికి నూనె పడక ఏళ్ళవుతుంది, తలకాయకి మాత్రం అందరూ పోస్తూనే ఉంటారు. తలకాయే బరువుగా ఉంటే సూది, బాబిన్ కేసు, షటిల్ తీసేసి మళ్ళీ తిప్పి చూడాలి. అప్పుడు తేలికపడితే షటిల్ తిరిగే గాడిలో దారం ముక్క ఇరుక్కుందని అర్థం, పట్టకారుతో తీసేస్తే అయిపోతుంది, మెకానిక్ అక్కర్లేదు.

అది కూడా కాకపోతే అప్పుడు జిడ్డు సంగతి. పాత పద్ధతి కిరసనాయిలు, ఇప్పుడు రేషన్‌లో దొరకడమే గగనం. దొరికినా బయట గాలిలో, మంటకి దూరంగా చేయాలి, నూనె పోసే రంధ్రాలన్నిట్లో నాలుగేసి చుక్కలు వేసి రాత్రంతా వదిలేసి పొద్దున చక్రాన్ని ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెం ఊపాలి. హెయిర్ డ్రైయర్‌తో ఆ భాగాన్ని వేడి చేస్తే జిగురు మెత్తబడుతుంది. కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని తిప్పడం, సుత్తితో కొట్టడం మాత్రం వద్దే వద్దు, పోత ఇనుము వంగదు, పగులుతుంది. ఇక్కడ ఇంకో పొరపాటు చాలా ఇళ్ళల్లో జరుగుతుంది: కిరసనాయిలు గానీ, డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే గానీ వేయగానే చక్రం జర్రున తిరిగేసరికి పని అయిపోయిందనుకుని కుట్టడం మొదలుపెడతారు. అవి జిడ్డుని కరిగించేవే గానీ నూనెలా నిలిచి పనిచేసేవి కావు, ఎగిరిపోయాక ఇనుము మీద ఇనుము ఒరుసుకుంటుంది. తుడిచేసి మిషన్ ఆయిల్ తప్పకుండా పోయాలి.

స్క్రూల దగ్గర తొందరపడకూడదు. సింగర్ వాళ్ళ స్క్రూల మరలు వాళ్ళ సొంత కొలతలవి, హార్డ్‌వేర్ షాపులో మెట్రిక్ స్క్రూ తెచ్చి బలవంతంగా బిగిస్తే రంధ్రంలో మర పోతుంది. స్క్రూడ్రైవర్ మొన గాడి వెడల్పుకి సరిగ్గా ఉండాలి, సన్నది పెడితే గాడి చితికి ఇక ఎప్పటికీ ఊడదు. చక్రం మధ్యలో ఉండే బిళ్ళ విప్పితే లోపల మూడు చెవుల వాషర్ ఒకటి వస్తుంది, దాన్ని తిరగేసి పెడితే బాబిన్ చుట్టేటప్పుడు సూది ఆగదు, లేదా చక్రం తిరిగినా సూది కదలదు. మిషన్ పాడైపోయిందని కంగారుపడక్కర్లేదు, వాషర్‌ని సగం చుట్టు తిప్పి మళ్ళీ పెడితే సరి. విప్పే ప్రతిదానికీ ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోవడం ఒక్కటే పాతకాలం మెకానిక్‌లకి లేని మన సౌకర్యం.

కుట్టు సరిగా పడకపోవడం

మిషన్ తిరుగుతోంది కానీ కుట్టు తప్పుతోంది అంటే ముందు అనుమానించాల్సింది సూదిని. ఎందుకంటే కుట్టు పడే విధానమే అలాంటిది. సూది కిందకి పూర్తిగా దిగి, అక్కడినుంచి ఓ రెండు రెండున్నర మిల్లీమీటర్లు పైకి లేచేటప్పుడు దారం వెనకపడి ఒకవైపు చిన్న ఉంగరంలా ఉబ్బుతుంది, సరిగ్గా ఆ క్షణంలో షటిల్ కొన వచ్చి ఆ ఉంగరంలో దూరి దాన్ని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. షటిల్ కొనకీ సూదికీ మధ్య ఖాళీ కాగితం మందమే. సూది కొంచెం పొట్టిదైనా, వంగినా, పూర్తిగా పైకి తోయకుండా బిగించినా, తిరగబడినా ఆ ఉంగరం కొనకి అందదు. ఏ మిషన్‌కైనా ఒకటే సూత్రం, సూది చదును వైపు షటిల్ కొన వచ్చే వైపుకి ఉండాలి, దారం పొడుగు గాడి ఉన్న వైపు నుంచి ఎక్కాలి. 15 క్లాసులో చాలా మోడళ్ళకి దారం కుడి నుంచి ఎడమకి ఎక్కుతుంది, 66కి ఎడమ నుంచి కుడికి, ఒకదానికి అలవాటైనవాళ్ళు ఇంకోదాని మీద కూర్చుంటే మొదట చేసే తప్పు ఇదే. ఇంకోటి, జూకీ రకం పెద్ద మిషన్ల సూది గుండ్రటి కాడతో ఉంటుంది, డీబీ ఇంటూ 1 అంటారు, దాన్ని ఇంటి మిషన్‌లో బిగించి కుట్టు తప్పుతోందని టైమింగ్ (సూది, షటిల్ కొన కలిసే క్షణం) స్క్రూలు విప్పేసినవాళ్ళు ఉన్నారు. సూది మార్చి చూడకుండా టైమింగ్ జోలికి పోకూడదు, ఫ్యాక్టరీలో పెట్టిన టైమింగ్ దానంతట అది మారడం చాలా అరుదు.

గుడ్డ అడుగున దారం ఉండలు కడితే అందరి చెయ్యీ బాబిన్ మీదకే పోతుంది, కింద కదా చిక్కు పడింది అని. నిజానికి అడుగున కనిపించే వదులు దారం పైదారం. పైన దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్ళల మధ్యలోకి దారం దిగలేదు, లేదా బిళ్ళల మధ్య దూది, తుప్పు చేరి అవి దగ్గరకి రావట్లేదు. గుడ్డని నొక్కి పట్టే మిషన్ పాదం పైకెత్తినప్పుడు బిళ్ళలు విడిపోతాయి కాబట్టి దారం ఎక్కించేటప్పుడు పాదం ఎత్తి ఉంచి, కుట్టేటప్పుడు దించాలి, దించడం మర్చిపోయినా ఇదే ఉండలు. బాబిన్ కేసు స్క్రూ ముట్టుకునేముందు కేసుని దారంతో వేలాడదీసి చూస్తే చాలు, ఊరికే ఉంటే కదలకూడదు, చెయ్యి చిన్నగా జర్క్ ఇస్తే కొంచెం కిందకి జారాలి. అలా ఉంటే కింద అంతా బాగున్నట్టే.

మోటర్ పెడితే లోపల ఏం మారుతుంది

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మిషన్‌ని ఎలా ఉండేదో అలా తిరిగి తెచ్చే పనులు. మోటర్ అలా కాదు, అది మిషన్ చేయాల్సిన పనినే మార్చేస్తుంది, కాబట్టి లోపల ఏం జరుగుతుందో తెలుసుకుని పెట్టుకోవడం మంచిది.

15 క్లాసులో షటిల్ పూర్తిగా గుండ్రంగా తిరగదు. ఒక్కో కుట్టుకి ముందుకి వెళ్ళి, ఆగి, వెనక్కి వస్తుంది. నిమిషానికి ఐదారు వందల కుట్లు అంటే దానికి రెట్టింపు సార్లు ఒక ఇనప ముక్క ఆగి దిశ మార్చుకోవాలి. వేగం పెరిగేకొద్దీ ఆ ఆగడం, మళ్ళీ కదలడంలో కుదుపు ఎక్కువవుతుంది, చప్పుడు పెరుగుతుంది, గాడి అరుగుతుంది. జూకీ లాంటి ఫ్యాక్టరీ మిషన్లలో షటిల్ ఒకే వైపు గిర్రున తిరుగుతూనే ఉంటుంది, ఒక్కో కుట్టుకి రెండు చుట్లు, అడుగున నూనె ట్యాంకు, పంపు దానంతట అదే నూనె కొడుతుంది, అందుకే అవి నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేసినా తట్టుకుంటాయి. ఇంటి మిషన్‌కి నూనె మనం చుక్కలు చుక్కలుగా పోసిందే. వెయ్యి దాటిస్తే అది చేయడానికి పుట్టిన పని కాదు.

మార్కెట్లో వెయ్యి, రెండు వేలకి దొరికే చిన్న మోటర్లు ఎక్కువగా కార్బన్ బ్రష్‌లున్న యూనివర్సల్ మోటర్లు, మిక్సీలో ఉండే రకమే, ఎనభై నుంచి నూటపాతిక వాట్ల దరిదాపు. ఇవి వట్టిగా తిరిగితే నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లు దాకా పోతాయి, చిన్న పుల్లీ నుంచి మిషన్ చక్రానికి వచ్చేసరికి తగ్గుతాయి. వీటి గుణం ఏంటంటే వేగం ఉన్నప్పుడు బలం, పెడల్ మెల్లగా నొక్కినప్పుడు నీరసం. జీన్స్ మడతల మీద మెల్లగా పోదాం అనుకుంటే మోటర్ ఊఁ ఊఁ అని మూలుగుతుంది, ఇంకొంచెం నొక్కితే ఒక్కసారిగా దూకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు వేలికి సూది గుచ్చుకునేది ఇక్కడే.

కాలితో తొక్కే మిషన్‌లో ఈ బాధ లేకపోవడానికి కారణం కింద ఉన్న పెద్ద పోత ఇనుము చక్రం. ఒకసారి తిరగడం మొదలయ్యాక దాని బరువే సూదిని మందం గుడ్డలోంచి నెడుతుంది, మెల్లగా తొక్కినా ఆ ఊపు ఉంటుంది. మోటర్‌ని తలకాయ వెనక బిగించి చిన్న బెల్టు వేయగానే ఆ పెద్ద చక్రం ఆటలోంచి బయటికి పోయినట్టే. మోటర్ పెట్టాక మందం గుడ్డ ఇంతకుముందులా కుట్టట్లేదు అని చాలామంది అనేదానికి మోటర్ నాసిరకం కావడం ఒక్కటే కారణం కాదు, ఇదీ ఉంది. అందుకే స్టాండుకి బెల్టు కూడా ఉంచుకుని రెండు రకాలుగా వాడుకునేవాళ్ళది తెలివైన పని.

మరి మోటర్ పెట్టకూడదా అంటే అలా ఏం లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి, రోజుకి రెండు మూడు బ్లౌజులు, ఫాల్స్, ఆల్టరేషన్లు చేసుకునేవాళ్ళకి సరిపోతుంది. రోజంతా యూనిఫాంలు కుట్టాలి, వందల జతలు అంటే మాత్రం పాత తలకాయకి మోటర్ పెట్టి లాగడం కంటే సర్వో మోటర్ (వేగం మనకి కావలసినంత పెట్టుకోగల మోటర్) ఉన్న జూకీ రకం తీసుకోవడమే లెక్కకి వస్తుంది, లోను వచ్చే అవకాశం ఉన్నప్పుడు మరీనూ. పెట్టుకునేటప్పుడు చూడాల్సినవి కొన్నున్నాయి. మిషన్ స్తంభం వెనక మోటర్ బిగించే మర ఉన్న బొడిపె ఉండాలి, బాగా పాత సింగర్‌లకి అది ఉండదు, డ్రిల్లు వేసి చేయడం పోత ఇనుముకి మంచిది కాదు. బెల్టు వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి, వీణ తీగలా బిగిస్తే మోటర్ వేడెక్కుతుంది, ఇరుసు రంధ్రం అరుగుతుంది. కుట్టు వేగం పెరిగింది కాబట్టి వారానికోసారి వేసే నూనె ఇప్పుడు కుట్టే ప్రతిరోజూ వేయాలి.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. ఒళ్ళంతా ఇనుము, దాని మీద చేతులు, కింద ఉత్త కాళ్ళు. మూడు పిన్నుల ప్లగ్, పనిచేసే ఎర్త్ లేకుండా మోటర్ పెట్టకూడదు. 1950ల నాటి సింగర్ మోటర్ తోనే వచ్చిన మిషన్ దొరికితే అది అదృష్టం అనుకుని వెంటనే ప్లగ్ పెట్టొద్దు, ఆ రోజుల్లో వైర్ల మీద వేసింది రబ్బరు, ఇప్పటికి బిస్కెట్‌లా విరిగిపోతుంది, ముందు వైర్లన్నీ మార్పించాలి. అలాంటి పాత పెడల్, మోటర్ల లోపల రేడియోలో గరగర రాకుండా పెట్టిన కాగితం కెపాసిటర్ ఉంటుంది, అది పాడైతే పెడల్ ముట్టుకోకుండానే మిషన్ దానంతట అది పరిగెత్తడం మొదలుపెట్టొచ్చు. దయ్యం కాదు, షార్ట్.

ఇంకేం మార్చుకోవచ్చు, ఏది కుదరదు

పాదాలు మార్చుకోవడం అన్నిటికంటే చవక, ప్రమాదం లేనిది. 15 క్లాసువి పొట్టి కాడ పాదాలు, ఇప్పటి మామూలు ఇంటి మిషన్లవీ అవే కాబట్టి జిప్ పాదం, అంచు మడిచే పాదం, కుచ్చులు పెట్టేది, మందం పొరలు జారకుండా లాగే వాకింగ్ ఫుట్ అన్నీ పడతాయి. పాత బల్బు వేడెక్కి చెంపకి తగిలే బాధకి అయస్కాంతం ఎల్‌ఈడీ లైటు అంటిస్తే అయిపోతుంది. మిషన్ ఎంబ్రాయిడరీ చేయాలంటే కింద పళ్ళు దించే మీట లేని మోడళ్ళకి పళ్ళని కప్పేసే ప్లేటు దొరుకుతుంది. తోలు బెల్టు సాగితే కొంచెం కోసి మళ్ళీ పిన్ను వేసుకోవచ్చు.

కుదరనిది పికో. చీరలకి పికో చేసుకుంటే పాత మిషన్ మీదే డబ్బులొస్తాయి కదా అని అడిగేవాళ్ళు చాలామంది, కానీ జిగ్‌జాగ్ అంటే సూది పక్కకి ఊగాలి. పాత మిషన్‌లో సూది కడ్డీ నిలువుగా మాత్రమే కదిలేలా పోతలోనే ఇరికించి ఉంటుంది, కింద ప్లేటులో రంధ్రం కూడా గుండ్రం. బజార్లో దొరికే జిగ్‌జాగ్ అటాచ్‌మెంట్ సూదిని ఊపదు, గుడ్డని అటూ ఇటూ లాగుతుంది. కాటన్ గుడ్డ అంచు పోగులు రాకుండా ఆపడానికి పర్లేదు, జారిపోయే షిఫాన్ చీర అంచు మీద దట్టంగా పికో వేయాలంటే అది చాలదు, పికో మిషన్ వేరే కొనాల్సిందే.

మెరుగు, ధర, ఒక పాత పుకారు

నల్ల పెయింటు మీద బంగారు డిజైన్లు సన్నటి వార్నిష్ పొర కింద ఉంటాయి. శానిటైజర్, స్పిరిట్, అద్దాలు తుడిచే నీలం లిక్విడ్ వేసి రుద్దితే ఆ పొర కరిగి బంగారం వెండి రంగులోకి తిరిగి, తర్వాత అసలుకే పోతుంది. మెత్తటి గుడ్డకి మిషన్ ఆయిల్ అద్ది తుడవడం కంటే ఎక్కువ చేయక్కర్లేదు. వీడియోల్లో చూపించినట్టు మొత్తం గీకి కారు పెయింటు కొడితే ఫోటోకి బాగుంటుంది, కొనేవాళ్ళ దగ్గర విలువ తగ్గుతుంది.

విలువ అంటే గుర్తుచేయాల్సిన సంగతి ఒకటుంది. 2009లో సౌదీ అరేబియాలో పాత సింగర్ మిషన్ల సూదిలో 'రెడ్ మెర్క్యురీ' అనే విలువైన పదార్థం ఉందని పుకారు లేచి, మామూలు మిషన్లకి లక్షల్లో రియాల్స్ అడిగే దాకా పోయింది. సెల్‌ఫోన్ సూది దగ్గర పెడితే కాల్ కట్ అయితే అది అసలైనదని టెస్టు కూడా కనిపెట్టారు. మిషన్‌లో ఉండేది పోత ఇనుము, ఉక్కు, కొంచెం నికెల్ పూత, అంతే. తెలుగు రాష్ట్రాల్లో రైస్ పుల్లింగ్ చెంబుల పేరుతో జరిగిన మోసాలు తెలిసినవాళ్ళకి ఈ పద్ధతి కొత్తేం కాదు, వాట్సాప్‌లో పాత సింగర్ కొంటాం అని అడ్వాన్స్ గానీ టెస్టింగ్ ఫీజు గానీ అడిగే మెసేజ్ వస్తే అది అదే చెట్టు కొమ్మ. నిజమైన ధర రెండు రకాలుగా ఉంటుంది: నడిచే మిషన్‌కి ఒకటి, పాత ఇనుము తూకానికి ఒకటి. తలకాయ పది పన్నెండు కేజీలు ఉంటుంది, తూకానికి వేస్తే వచ్చేది కొన్ని వందలు, అదే మంచి స్టాండుని కాఫీ షాపుల వాళ్ళు టేబుల్ కాళ్ళకి కొనుక్కుపోతున్నారు కాబట్టి స్టాండుకే ఎక్కువ పలుకుతోంది. ఇలా స్టాండు ఒకచోటికి, తలకాయ ఇంకోచోటికి పోయి విడిపోయిన జతలు పెరిగేకొద్దీ పూర్తి తొక్కుడు మిషన్లు తగ్గుతాయి.

విదేశాలకి తీసుకెళ్ళేవాళ్ళు

అమ్మమ్మ మిషన్ అమెరికా తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు, అక్కడ కొన్న పాత సింగర్‌ని ఇక్కడికి తెచ్చేవాళ్ళు ఇద్దరికీ అడ్డం పడేది వోల్టేజ్. ఇక్కడ 230, అక్కడ 120. బ్రష్‌ల మోటర్‌కి 50 హెర్ట్జా 60 హెర్ట్జా అన్నది పెద్ద పట్టింపు కాదు, వోల్టేజే పట్టింపు. మన మోటర్ అక్కడ నీరసంగా తిరుగుతుంది, అక్కడి మోటర్ ఇక్కడ నేరుగా పెడితే కాలిపోతుంది, దానితోపాటు చిన్న బల్బూ పోతుంది. అక్కడిది ఇక్కడ వాడాలంటే మోటర్, బల్బు వాట్లు కలిపి దానికి రెట్టింపు తట్టుకునే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ (వోల్టేజ్ తగ్గించేది) పెట్టుకోవాలి, హెయిర్ డ్రైయర్లకి అమ్మే చవక కన్వర్టర్లు దీనికి పనికిరావు. అక్కడ బొంతలు కుట్టేవాళ్ళకి ఇష్టమైన సింగర్ 221, 1933లో వచ్చిన ఐదు కేజీల అల్యూమినియం మిషన్, సూట్‌కేసులో పట్టేస్తుంది కాబట్టి చాలామంది తెచ్చుకుంటారు, కానీ దాని బాబిన్ 15 క్లాసుది కాదు, దానిదే వేరే సైజు, ఓ ఇరవై బాబిన్లు కూడా అక్కడే కొనుక్కుని రావాలి. బరువు ఎక్కువైన ఇనప మిషన్ విషయంలో కొందరు స్టాండు, మోటర్ వదిలేసి తలకాయ మాత్రం తీసుకెళ్ళి చేతితో తిప్పే హ్యాండిల్ బిగించుకుంటున్నారు, దానికి స్తంభం వెనక ఆ బొడిపె, మధ్యలో ఖాళీలున్న ఆకుల చక్రం రెండూ ఉండాలి, నిండు చక్రం ఉంటే హ్యాండిల్ వేలు పట్టుకోవడానికి చోటుండదు, ముందు చక్రం మార్చుకోవాలి.